రేకు అంచుకు కుచ్చిళ్లు



ఈ పూట మీతో ఒక పక్కటెముక గురించి మాట్లాడదామని వచ్చాను. విమానం రెక్కలో ఉండే పక్కటెముక. షెడ్డులో మేమంతా దాన్ని రిబ్ అనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే అంటాను.

చిన్న విమానం రెక్కను బయటి నుంచి చూస్తే నున్నటి అల్యూమినియం తొడుగు ఒక్కటే కనిపిస్తుంది. లోపల రెక్క మొదలు నుంచి కొస దాకా ఒక బలమైన దూలం పోతుంది. దాని పేరు స్పార్. ఆ దూలానికి అడ్డంగా, జానెడు దూరానికో మూరెడు దూరానికో ఒకటి చొప్పున, పలచని రేకుతో చేసిన రిబ్బులు నిలబడి ఉంటాయి. ముందు గుండ్రంగా, పైన ఉబ్బుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా ఉండే ఆ చేప ఆకారం రిబ్బుదే. తొడుగు దాని మీద పరుచుకుని ఆ ఆకారాన్ని తీసుకుంటుంది. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు.

ఆ రిబ్బు చుట్టూ వేలు వెడల్పున అంచును లంబకోణంలో మడిచి ఉంచుతారు. తొడుగును రివెట్లతో బిగించేది ఆ మడత మీదే. దీన్ని ఫ్లాంజ్ అంటాం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ వేలు వెడల్పు అంచు గురించే. ముప్పై ఏళ్లకు పైగా మలేషియాలోని సుబాంగ్ విమానాశ్రయం పక్కనున్న షెడ్లలో రేకు పని చేసినవాణ్ని. ఆ పనిలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైనదీ, అన్నిటికన్నా ఇష్టమైనదీ ఈ అంచే.

మీ చేతికి అందేటట్టు ఒక పాత కాగితం ఉందా? ఉంటే ఒక పళ్లెం బోర్లించి, దాని చుట్టూ గీత గీసి, ఆ వృత్తంలో సగాన్ని కత్తిరించండి. ఇప్పుడు గుండ్రటి వైపు అంచును ఒక సెంటీమీటరు వెడల్పున, నిలువుగా లేచి నిలబడేలా మడవండి. తిన్నటి వైపు మడిచినంత సుఖంగా మడతపడదు. ముడతలు లేస్తాయి. ముడతలు రాకుండా గట్టిగా పట్టుకుంటే కాగితం నడుమే వంగిపోతుంది, బల్ల మీద చదునుగా కూర్చోదు.

కారణం చిన్న లెక్క. కాగితం చదునుగా ఉన్నప్పుడు దాని కొస పెద్ద వృత్తం మీద ఉంది. మడిచాక అదే కొస లోపలి చిన్న వృత్తం మీదికి రావాలి. సగం వృత్తానికి సెంటీమీటరు అంచు మడిస్తే మూడు సెంటీమీటర్ల పైచిలుకు కాగితం మిగిలిపోతుంది. మీ పళ్లెం చిన్నదైనా పెద్దదైనా ఆ మిగులు అంతే. ఆ మిగిలింది ఎక్కడికి పోవాలి? కాగితం గాలిలో కలిసిపోదు కదా. కొసన ముడతగానైనా కూర్చోవాలి, లేకపోతే నడుమును వంచైనా చోటు చేసుకోవాలి.

ఈ లెక్క మా మామ్మకు తెలుసు. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి మా తాత వెంట వచ్చి, దిగువ పేరాక్ ప్రాంతంలో, బాగన్ దాతో కొబ్బరి తోటల్లో జీవితమంతా గడిపింది. ప్రతి ఏడూ ఆవకాయ కలిపి జాడీకి ఎత్తేది. మూత పెట్టి, పైన తెల్లగుడ్డ వేసి, మెడ చుట్టూ తాడుతో వాసెన కట్టేది. ఆ గుడ్డ జాడీ మూతి మీద చదునుగా, తప్పెట తోలులా బిగిసి ఉండేది. మూతి దాటి కిందికి దిగిన చోట మాత్రం చుట్టూ చిన్న చిన్న కుచ్చులు. ఒక్కొక్క కుచ్చు బియ్యపు గింజంత. గుడ్డంతా ఒకే పక్కకు పోగైతే అక్కడ సందు పడుతుందనీ, గాలీ చెమ్మా దూరతాయనీ, తాడు బిగించే ముందు వేలితో చుట్టూ సమంగా పంచుకుంటూ పోయేది. చిన్నప్పుడు అది చూస్తూ పక్కన కూర్చునేవాణ్ని. విమానపు రేకు ముందు నిలబడ్డాక గానీ ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో నాకు తెలియలేదు.

ఇక రిబ్ తయారీకి వద్దాం. ఫ్యాక్టరీలో రేకును ముందు చదునుగా కోసి, రివెట్లకు రంధ్రాలు కొట్టి, రిబ్ ఆకారంలో ఉన్న గట్టి దిమ్మ మీద పరుస్తారు. పైనుంచి మందమైన రబ్బరు దిండును భారీ ప్రెస్సుతో నొక్కుతారు. రబ్బరు అన్ని పక్కలా దిగి, దిమ్మ అంచుల చుట్టూ రేకును కిందికి మడుస్తుంది. 1930లలో అమెరికాలోని డగ్లస్ విమాన కంపెనీలో హెన్రీ గెరిన్ అనే ఆయన అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఉక్కు అచ్చులు ఆడా మగా రెండూ చేయనక్కర్లేదు, ఒక్క దిమ్మ చాలు. అందుకే తక్కువ సంఖ్యలో తయారయ్యే విమానాలకు అది నేటికీ నప్పుతుంది.

మన రబ్బరు తోటల దేశంలో ఈ సంగతి చెబుతుంటే నాకు ఎప్పుడూ ఒక ఆనందం. మా తాతల తరంలో ఎందరో తెలుగువాళ్లు కెడా వైపు తోటల్లో చీకటితో లేచి చెట్టు గీసి పట్టిన పాలు గట్టిపడితేనే రబ్బరు. అలాంటి రబ్బరు దిండు కిందే విమానం పక్కటెముకలు ఆకారం పోసుకున్నాయి.

ప్రెస్సు రబ్బరు ఎంత గట్టిగా నొక్కినా, ఉబ్బు వైపు అంచులో మిగిలిన లోహాన్ని పూర్తిగా మాయం చేయలేదు. ఉదాహరణకు ఒక మీటరు వ్యాసార్ధంతో మెల్లగా వంగిన వంపు మీద 300 మిల్లీమీటర్ల పొడవున, 16 మిల్లీమీటర్ల అంచు మడిచారనుకోండి. కొసన దాదాపు 5 మిల్లీమీటర్ల లోహం ఎక్కువవుతుంది. దానిలో చాలావరకు ప్రెస్సు కింద కుదించుకుపోతుంది. మిగతాది ఒత్తుకుని కూర్చుంటుంది. ప్రెస్సు లేవగానే, స్ప్రింగులా, తనకు కావలసిన పొడవు కోసం తోస్తుంది. అంచు పొడవెక్కువ, వెనకనున్న నిలువు రేకు పొడవు తక్కువ. ఇంకేముంది, రిబ్బు మొత్తం అరటికాయలా వంగుతుంది. దాని వీపు కిందికీ, మడతలు పైకీ ఉండేలా బల్ల మీద పెడితే రెండు కొసలూ బల్లకు ఆనుతాయి, నడుము గాలిలో లేస్తుంది.

విమానం కిట్టు కొనుక్కుని పెట్టె విప్పిన ప్రతి మనిషీ మొదటి సాయంత్రం చూసేది ఇదే. కంపెనీవాళ్లు వంకర సరుకు పంపారని బెంగపడతాడు. అది లోపం కాదండీ. రేకును వంపు వెంబడి మడిచినప్పుడు పుట్టకతప్పని వంకర అది. దాన్ని తీయడం కట్టేవాడి పని.

నేనూ మొదట్లో దాన్ని లోపమే అనుకున్నాను. పనిలో చేరిన తొలి నెలలో ఒక శిక్షణ విమానం తోక రెక్కకు కొత్త రిబ్ వేయాల్సి వచ్చింది. వంగి ఉన్న దాన్ని చూసి, ఇనుప దిమ్మ మీద పెట్టి, అంచు పొడవునా సుత్తితో కొట్టాను. వంకర పెరిగింది. ఇంకా కొట్టాను. ఇంకా పెరిగింది. సుత్తికీ ఇనుముకూ మధ్య నలిగిన లోహం పలచబడుతుంది, పలచబడ్డ లోహం సాగుతుంది. అంటే అసలే ఎక్కువగా ఉన్న అంచును నేను మరింత పొడుగు చేస్తున్నాను. ఆ రిబ్బు పనికిరాకుండా పోయింది.

మా మేస్త్రీ మలయ్ ఆయన, వయసులో పెద్దవాడు. మేమంతా పాక్‌చిక్ అనేవాళ్లం, అంటే మన బాబాయిలాగా. ఆయన కోప్పడలేదు. నా చేతిలోంచి సుత్తి తీసి పక్కన పెట్టి, సొరుగులోంచి ఒక పటకారు తీశాడు. చూపుడు వేలితో అంచు మీద ఒక చోట తాకి, ‘బగీ తెంపాత్ సికిత్’ అన్నాడు. కాస్త చోటివ్వు అని. ఆ చోట పటకారుతో ఒక్కసారి నొక్కాడు. రెండు రంధ్రాల మధ్య, చీర కుచ్చిలిలా, అంచు లోపలికి ఒక చిన్న మడత తీసుకుంది. రిబ్బు నడుము నా కళ్ల ముందే బల్ల వైపు కొంచెం దిగింది.

ఆ పటకారును ఫ్లూటింగ్ ప్లయర్స్ అంటారు. ఒక దవడకు ఒకే గుండ్రటి వేలు, ఎదురు దవడకు ఎడంగా రెండు వేళ్లు. నొక్కితే ఒంటి వేలు రేకును ఆ రెండింటి మధ్యలోకి తోస్తుంది. అక్కడ పడే కుచ్చిలిలో మిగులు లోహం కొంత దాక్కుంటుంది. అంచు పొడవు ఆ మేరకు తగ్గుతుంది, వీపు రేకు వంకర విడుస్తుంది. పద్ధతి ఇంతే. చేతికి పట్టుబడడానికి మాత్రం కాలం పడుతుంది.

ఎందుకంటే కుచ్చిలి ఎక్కడ పడాలి, ఎటు తిరగాలి, ఎంత లోతు ఉండాలి అన్న మూడు ప్రశ్నలకూ ప్రతి రిబ్బూ తన జవాబు తాను చెబుతుంది. పడవలసిన చోటు రెండు రివెట్ల రంధ్రాలకు సరిగ్గా నడుమ. రంధ్రం దగ్గర అంచు చదునుగా ఉండి తొడుగుకు పూర్తిగా ఆనాలి, లేకపోతే రివెట్ తల కింద సందు మిగులుతుంది. ఇక తిరగవలసింది ఎప్పుడూ లోపలికే. బయటికి తిరిగిందా, తొడుగు మీద బొడిపె లేస్తుంది. కాబట్టి ఒంటి వేలు తొడుగు ఆనే పక్క, జంట వేళ్లు రిబ్ కడుపు పక్క ఉండాలి. పటకారును తిరగేసి పట్టుకుని ఒక వరసంతా పాడుచేసిన కుర్రాళ్లను నేను చూశాను. అందుకే మొదటి నొక్కుకు ముందు ఒకసారి ఆగి, తొడుగు ఎటు వస్తుందో వేలితో చూపించమని అడిగేవాణ్ని.

లోతు సంగతి ఇంకా సున్నితం. కుచ్చిలి అంచు కొసన లోతుగా ఉండి, మడత గీత దగ్గరికి వచ్చేసరికి కనుమరుగవ్వాలి. మిగులు లోహం కొసనే ఎక్కువ, మడత దగ్గర లేదు. వంపు ఎక్కువున్న ముందు భాగంలో లోతైన కుచ్చిళ్లు కావాలి. వెనక్కి పోయేకొద్దీ రిబ్బు దాదాపు తిన్నగా ఉంటుంది, అక్కడ తాకీతాకనట్టు నొక్కితే చాలు. రెక్క ముక్కు దగ్గర వంపు మరీ బిగువుగా ఉంటే అక్కడ కుచ్చిళ్లతో పని జరగదు. అందుకే అక్కడి అంచును గాట్లు పెట్టి నాలుకల్లా విడగొట్టి ఉంచుతారు.

రెండు మూడు పెద్ద కుచ్చిళ్లతో పని ముగించాలని చేయి తొందరపడుతుంది. మా మామ్మ వాసెన అక్కడే గుర్తుకొస్తుంది నాకు. వరసలోని ప్రతి ఖాళీలో ఒక చిన్న నొక్కు వేసి, బల్ల మీద పెట్టి చూసి, మళ్లీ మొదటి నుంచి ఇంకొంచెం నొక్కుకుంటూ రావడమే మంచిది. ఎక్కువ నొక్కితే రిబ్బు రెండో వైపుకు వంగుతుంది. ఇప్పుడు నడుము బల్లకు ఆని కొసలు లేస్తాయి. అప్పుడు చదును దవడల పటకారుతో ఒకటి రెండు కుచ్చిళ్లను కొంచెం విప్పాలి. ఇలా అటూ ఇటూ చేస్తూ పోతే లోహం అలసిపోతుంది. తక్కువలో ఆగడం నేర్చుకోవాలి.

ఇదంతా మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రెస్సు నుంచి వచ్చిన అంచు సరిగ్గా లంబకోణంలో ఉండదు. లోహం వెనక్కి కాస్త తెరుచుకుని రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వెడల్పు దవడలున్న హ్యాండ్ సీమర్‌తో పట్టుకునో, చీలిక కోసిన చెక్క ముక్కతోనో ముందు దాన్ని నిలువు చేయాలి. మూలమట్టం పెట్టి చూసుకోవాలి. రెక్క పైభాగం వాలుగా ఉంటే రిబ్ అంచు కూడా ఆ వాలుకు తగ్గట్టు ఉండాలి. కోణం సరిచేయకుండా కుచ్చిళ్లు వేస్తే, తర్వాత కోణం సరిచేసినప్పుడు వంకర మళ్లీ వస్తుంది.

పుటాకారంగా, అంటే లోపలికి వంగిన అంచుల కథ దీనికి తలకిందులు. అక్కడ లోహం చాలదు. కొస సాగాలి, సాగలేకపోతే చీలుతుంది. అక్కడ కుచ్చిళ్లు వేయడం అపచారం. నేను రిబ్బును పాడుచేసిన ఆ సుత్తి దెబ్బే, కొయ్య సుత్తితో నెమ్మదిగా వేస్తే, అక్కడ మందులా పనిచేస్తుంది.

ఇంత శ్రమ దేనికి, రేకు పలచనే కదా, వంగి ఉన్నదాన్ని చేత్తో తిన్నగా పట్టుకుని రివెట్లు బిగించేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. బిగించేయవచ్చు. రిబ్బు నోరు మూసుకుని కూర్చుంటుంది కూడా. కానీ ఆ తోపు ఎక్కడికీ పోదు. రివెట్ల వరసలో, తొడుగులో దాగి ఉంటుంది. రెండు రిబ్బుల మధ్య తొడుగు వదులై, వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టప్పున లోపలికి పోయి టప్పున వస్తుంది. ఎగురుతున్నప్పుడు గాలి దాన్ని గంటల తరబడి అలా ఆడిస్తుంది. అల్యూమినియం మిశ్రమాలు ఇలాంటి ఆటను లెక్కపెట్టుకుంటాయి. ఒకనాడు రంధ్రం అంచున వెంట్రుక లాంటి పగులు కనిపిస్తుంది.

ఈ లోహానికీ ఒక కథ ఉంది. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రవేత్త రాగి కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి చటుక్కున చల్లార్చి పక్కన పెట్టాడు. కొన్ని రోజుల తర్వాత చూస్తే అది తనంతట తానే గట్టిపడింది. డ్యూరాలుమిన్ అలా పుట్టింది. మేం రోజూ పట్టుకునే 2024 రకం రేకు ఆ కుటుంబంలోదే. బలం రాగి వల్ల వచ్చింది, తుప్పు భయమూ రాగి వల్లే వచ్చింది. అందుకని రేకుకు రెండు పక్కలా స్వచ్ఛమైన అల్యూమినియం పొర పలచగా అద్దుతారు. పటకారు దవడ గరుకుగా ఉంటే ఆ పొర గీరుకుపోతుంది. దవడలకు టేపు చుట్టుకోమని నేను ఊరికే చెప్పను. మన మలేషియా గాలిలో ఉన్న చెమ్మ మీకు తెలుసు. నుదుటి చెమట బొట్టు రేకు మీద రాలితే ఆ ఉప్పు చాలు, కొన్ని వారాల్లో అక్కడ తెల్లటి పొడి మచ్చ తేలుతుంది. పని అయిన ప్రతి రిబ్బునూ కడిగి, ఆరబెట్టి, ప్రైమరు రంగు పూసే దాకా నేను ఉత్త చేత్తో ముట్టుకోను.

మన దేశంలో ఇలాంటి రేకు విమానం తయారైందా అంటే, తయారైంది. స్విట్జర్లాండులో మాక్స్ డాట్‌వైలర్ కంపెనీ రూపొందించిన ఎండీ3 అనే రెండు సీట్ల శిక్షణ విమానం 1983లో తొలిసారి ఎగిరింది. 160 గుర్రాల శక్తి ఇంజను, పూర్తి లోహ నిర్మాణం. దాని తయారీ 1990లలో మలేషియాకు వచ్చింది. ఎస్.ఎం.ఇ. ఏవియేషన్ దాన్ని ఏరోతిగ అన్న పేరుతో ఇక్కడ కట్టింది. తిగ అంటే మలయ్ భాషలో మూడు అని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకే భాగాన్ని వీలైనన్ని చోట్ల వాడుకునేలా దాన్ని రూపొందించారు. నాలాంటి రేకు పనివాడికి ఆ ఆలోచన ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఒకే ఆకారపు భాగాలు పదేపదే చేస్తున్నకొద్దీ, లోహం ఎక్కడ మొండికేస్తుందో చేతికి కంఠతా వస్తుంది. అదే కాలంలో మలక్కాలోని బాతు బెరెండాంలో ఈగల్ 150 అనే మరో చిన్న విమానం తయారైంది. అది ఆస్ట్రేలియాలో పుట్టింది, ఒళ్లంతా కాంపోజిట్. అందులో రేకు పని లేదు, అచ్చులో పొరలు పేర్చి గట్టిపరచడమే. అది అందమైన విమానమే. అయినా నా మనసు ఏరోతిగ వైపే. అది పెద్ద సంఖ్యలో అమ్ముడుపోలేదు. కానీ సుంగై బూలో, సుబాంగ్ చుట్టుపక్కల షెడ్లలో ఈనాడు పెద్ద విమానాల కోసం రెక్క భాగాలు చేస్తున్న ఈ దేశానికి, ఒక పూర్తి విమానాన్ని తన చేతులతో కట్టిన అనుభవం ఉందని మన పిల్లలు తెలుసుకోవాలి. లంకావిలో 1991 నుంచి రెండేళ్లకోసారి జరిగే లీమా ప్రదర్శనకు వెళ్లినవాళ్లు యుద్ధ విమానాల విన్యాసాలు చూసి తిరిగొస్తారు. ఈసారి వెళ్తే నిలిపి ఉన్న చిన్న విమానం దగ్గరికి పోయి, తొడుగు మీది రివెట్ల వరసకు సమంగా కన్ను పెట్టి చూడండి. వరస తిన్నగా ఉందంటే లోపల అంచు తిన్నగా ఉందన్నమాట.

ఇంట్లో విమానం కట్టుకునేవాళ్ల లోకం ఇంకొకటి. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంజనీరు 1970లలో మొదలుపెట్టిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ కిట్టుల్లో పెద్ద పేరు. ఆర్.వి. అనే ఆ వరస విమానాలు ఇప్పటికి పది వేలకు పైగా ఎగిరాయి. దాదాపు అన్నీ ఎవరో ఒకరు తమ గ్యారేజీలో, సెలవు రోజుల్లో, రాత్రిళ్లు కూర్చుని కట్టినవే. మన పొరుగున ఆస్ట్రేలియాకు చెందిన జాన్ జొహాన్సన్ తాను కట్టుకున్న ఆర్.వి.-4లో 1995లో భూమి చుట్టి వచ్చాడు. నైజీరియా వైమానిక దళం ఆర్.వి.-6 రకాన్ని ఎయిర్ బీటిల్ పేరుతో తమ శిక్షణ విమానంగా కట్టుకుంది. ఇండియాలో ముంబై కాందివలిలో కెప్టెన్ అమోల్ యాదవ్ తమ ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. మన తెలుగు నేల మీద, హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో, ఈనాడు హెలికాప్టర్ల, రవాణా విమానాల భాగాలు తయారవుతున్నాయి. అక్కడ రేకు మీద వంగి పనిచేసే కుర్రాళ్లలో మన ఊళ్లవాళ్లూ ఉన్నారు.

కిట్టుల పద్ధతి మారుతూ వచ్చింది. పాత రోజుల్లో తొడుగుకూ రిబ్బుకూ రంధ్రాలు కట్టేవాడే వేసుకోవాలి. రిబ్ అంచు నడిమధ్యన సిరాతో గీత గీసి, తొడుగు రంధ్రంలోంచి ఆ గీత కనిపిస్తుందా అని చూసి అప్పుడు డ్రిల్లు పెట్టేవాళ్లు. తర్వాత తొడుగుకూ రిబ్బుకూ రెంటికీ ఫ్యాక్టరీలోనే రంధ్రాలు పడి వస్తున్నాయి. దీంతో పని సులువైందని అందరూ అంటారు. నిజమే. కానీ కుచ్చిళ్ల విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్త పెరిగింది. ఎందుకంటే కుచ్చిలి వేసినప్పుడల్లా దాని రెండు పక్కల రంధ్రాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. రిబ్బు తిన్నగా అయినంత మాత్రాన సరిపోదు, రంధ్రాల ఎడం కూడా తొడుగులోని ఎడంతో కలవాలి. చివరి తీర్పు తొడుగుదే. తొడుగును పైన పెట్టి, క్లెకోలు అనే స్ప్రింగు పిన్నులు ఒక్కొక్కటే గుచ్చుతాం. వేలితో పెట్టగానే దిగితే సరే. రంధ్రం పావు వంతు పక్కకు కనిపిస్తే, దాన్ని పిన్నుతో లాగి కూర్చోబెట్టకండి. డ్రిల్లుతో సరిచేద్దామనీ అనుకోకండి. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. రివెట్ కేంద్రం నుంచి రేకు కొసకు కనీసం రివెట్ వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి. 2.4 మిల్లీమీటర్ల రివెట్ అయితే 4.8 మిల్లీమీటర్లు. పక్కకు జరిగిన రంధ్రం ఆ హద్దును తినేస్తుంది. తొడుగు తీసి, రిబ్బును మళ్లీ బల్ల మీదికి తెచ్చి, ఆ రెండు రంధ్రాల మధ్య కుచ్చిలిని కొంచెం పెంచాలి, లేదా విప్పాలి. ఆ ఒక్క రిబ్బుకు ఆ రాత్రి పోతే పోనివ్వండి.

లోహాన్ని మనం ఎలా ముట్టుకుంటే అది అలాగే గుర్తుపెట్టుకుంటుందని చెప్పడానికి ఈ మధ్యకాలపు సంగతి ఒకటి. వాన్స్ కంపెనీ డిమాండు పెరిగిన రోజుల్లో కొన్ని భాగాలకు రంధ్రాలను లేజరుతో కోయించింది. రివెట్ తల మునగడానికి ఆ రంధ్రాల చుట్టూ గుంట కొట్టినప్పుడు కొన్నిటికి సన్నని పగుళ్లు వచ్చాయి. 2023లో అది పెద్ద చర్చ అయింది. కంపెనీ పరీక్షలు చేసి, ఆ భాగాలు మార్చి ఇవ్వడానికి సిద్ధపడింది. ఆ ఏడాది డిసెంబరులో అప్పుల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లి, తర్వాత నిలదొక్కుకుంది. కంటికి నున్నగా కనిపించే రంధ్రపు అంచులో ఎంత దాగి ఉంటుందో చూడండి. అందుకే కుచ్చిళ్లు వేయడానికి ముందు ప్రతి అంచునూ, ప్రతి గాటునూ ఆకురాయితో, నూరుడు కాగితంతో నున్నగా చేయాలి. గోటితో తడిమితే ఎక్కడా తట్టుకోకూడదు. గరుకు మిగిలిన చోట పటకారు నొక్కితే పగులు అక్కడే పుడుతుంది.

మన దేశపు ఎండ సంగతి కూడా చెప్పాలి. అల్యూమినియం వేడికి బాగా సాగుతుంది. మూడు మీటర్ల తొడుగు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రిబ్బులూ స్పారూ నీడలో ఉండి, తొడుగు రేకు గుమ్మం దగ్గర ఎండలో ఉంటే, మధ్యాహ్నం కలవని రంధ్రాలు రాత్రి కలుస్తాయి. ఇది తెలియక కుచ్చిళ్లు పెంచుతూ పోయి, పొద్దున్నే చూసుకుని తల పట్టుకున్న మిత్రుడొకరు నాకున్నారు. కాబట్టి అన్నీ ఒక పూటంతా ఒకే గదిలో ఉంచి, అప్పుడు కొలవండి. మన దగ్గర వర్షం వెలిసిన సాయంత్రాలు ఈ పనికి మంచివి.

ఇప్పుడు నేను షెడ్డుకు వెళ్లడం మానేశాను. కానీ సరిచేసిన రిబ్బును తీసుకుని కిటికీ అద్దం మీద పెట్టి చూసే అలవాటు పోలేదు. పక్కింటి కుర్రాడు ఒకడు పాలిటెక్నిక్‌లో చదువుతూ, అప్పుడప్పుడు ఒక రేకు ముక్క పట్టుకుని వస్తాడు. తాతా, సరిగ్గా ఉందా అని అడుగుతాడు. అద్దం మీద పెట్టి, చుట్టూ వార్తాపత్రిక కాగితం అంచును జొనిపి చూస్తాం. కాగితం ఎక్కడా దూరకపోతే, అప్పుడు దాన్ని తిప్పి రంధ్రాల వరసకు ఒక చివర కన్ను పెట్టి చూడమంటాను. అన్ని రంధ్రాలూ ఒకే గీత మీద నిలబడితే వాడి ముఖం వెలుగుతుంది.

పని మానేయడానికి కొన్నేళ్ల ముందు ఒక పాత శిక్షణ విమానాన్ని తనిఖీకి విప్పాం. నాకన్నా ముందు తరం వాళ్లు ఎప్పుడో రిబ్బులు మార్చిన రెక్క అది. తనిఖీ మూత తీసి, లోపలికి టార్చి పెట్టి, అద్దంతో చూశాను. ఆకుపచ్చ ప్రైమరు కింద వరసగా కుచ్చిళ్లు. ముందు భాగంలో లోతుగా, వెనక్కి పోయేకొద్దీ పలచగా, ప్రతి రెండు రివెట్ల నడుమ ఒకటి, అన్నీ లోపలికే. ఎక్కడా పటకారు గీరిన గుర్తు లేదు. ఎవరు వేశారో రికార్డులో ఒక సంతకం ఉంది గానీ, అక్షరాలు కలిసిపోయి పేరు చదవడానికి రాలేదు. టార్చి ఆర్పకుండా చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. తర్వాత మూత బిగించి, ఆ రెక్క బాగుందని రాసి, కింద నా సంతకం పెట్టాను.